పుస్తకాల అర విద్యార్థుల చేతికి

ఒచనొమిజు విశ్వవిద్యాలయానికి వెళ్లాలని టోక్యోలోని ఒచనొమిజు స్టేషన్‌లో దిగితే అక్కడ విశ్వవిద్యాలయం కనిపించదు. మరునౌచి లైన్ మెట్రో ఎక్కి మూడో స్టేషన్ మ్యోగదానిలో దిగాలి. అక్కడి నుంచి పది నిమిషాల లోపు నడక. టీచరమ్మలను తయారుచేయడానికి 1875లో జపాన్ ప్రభుత్వం పెట్టిన ఈ బడి మొదట ఒచనొమిజు దగ్గరే ఉండేది. 1923 సెప్టెంబరు 1న టోక్యోను కుదిపేసిన కాంతో భూకంపం, దాని వెంటే లేచిన మంటలు ఆ భవనాలను మిగల్చలేదు. 1932లో ఒత్సుక ప్రాంతంలో కొత్త భవనం కట్టుకుని అక్కడికి మారారు. 1949లో విశ్వవిద్యాలయం హోదా వచ్చినప్పుడు మాత్రం పాత చోటి పేరే పెట్టుకున్నారు.

ఆవరణ పెద్దదేం కాదు. అందులోనే జపాన్‌లో మొట్టమొదటి కిండర్‌గార్టెన్ ఉంది. అది మొదలైంది 1876లో. ప్రాథమిక పాఠశాల, ఉన్నత పాఠశాలలు కూడా అక్కడే. బొమ్మల పుస్తకం పట్టుకున్న మూడేళ్ల పిల్ల నుంచి పీహెచ్‌డీ రాసుకుంటున్న అమ్మాయి దాకా ఒకే ప్రాంగణంలో చదువుకుంటారు. 1927లో సైన్సులో డాక్టరేట్ అందుకున్న తొలి జపాన్ మహిళ యసుయి కోనో ఇక్కడ చదివి, ఇక్కడే పాఠాలు చెప్పారు. 1913లో తొహొకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయం మొదటిసారిగా ముగ్గురు ఆడవాళ్లను చేర్చుకుంటే వాళ్లలో ఒకరైన రసాయన శాస్త్రవేత్త కురొద చిక కూడా ఈ బడి నుంచి వెళ్లినవారే. చదువు కోసం తలుపు తట్టి తెరిపించుకున్న ఆడవాళ్ల చరిత్ర ఉన్న చోటు ఇది. ఇక్కడి లైబ్రరీ 2007లో చేసిన ఒక పని గురించి చెప్పడానికే ఇంత దూరం తీసుకొచ్చాను.

ఆ ఏడాది లైబ్రరీలో కొంత భాగాన్ని మాట్లాడుకుంటూ చదువుకునే చోటుగా మార్చారు. కంప్యూటర్లు పెట్టారు, నలుగురు కూర్చుని చర్చించుకునే బల్లలు వేశారు. లెర్నింగ్ కామన్స్ అనే ఈ పద్ధతిని జపాన్‌లో ముందుగా తెచ్చిన విశ్వవిద్యాలయాల్లో ఒచనొమిజు ఒకటి. అదే ఏడాది ‘లీసా’ కూడా మొదలైంది. లైబ్రరీ స్టూడెంట్ అసిస్టెంట్ అన్న మాటలకు అది పొట్టి పేరు. లైబ్రరీలో విద్యార్థులు పనిచేయడం కొత్త విషయం కాదు. తిరిగొచ్చిన పుస్తకాలు అరల్లో సర్దడం, సాయంత్రం పూట కౌంటర్ దగ్గర కూర్చోవడం ఎన్నో దేశాల్లో ఉన్నదే. లీసాలో కొత్తదనం ఏమిటంటే, చేతులతో పాటు ఆలోచన కూడా పెట్టమని విద్యార్థులను అడగడం. కొత్తగా చేరిన అమ్మాయిలకు లైబ్రరీని ఎలా చూపించాలి, ఏ పుస్తకాలతో ప్రదర్శన పెట్టాలి, పోస్టర్ మీద ఏం రాయాలి అన్నవి వాళ్లే ఆలోచించి ముందుకు తెచ్చారు. లైబ్రరీ సిబ్బంది పక్కన నిలబడి దారి చూపారు.

అప్పటి పరిస్థితి కూడా ఇందుకు తోడైంది. 2004 ఏప్రిల్‌లో జపాన్ జాతీయ విశ్వవిద్యాలయాలన్నీ ప్రభుత్వ శాఖ నీడ నుంచి బయటికొచ్చి విడివిడి కార్పొరేషన్లయ్యాయి. ఆ తర్వాత ప్రభుత్వం ఇచ్చే నిర్వహణ గ్రాంటు ఏటా సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. పత్రికల చందాలు చూస్తే పెరుగుతున్నాయి. విద్యార్థికి కావలసిన సమాచారం ఫోనులోకి వచ్చేస్తోంది. ఇంత పెద్ద భవనం, ఇంతమంది సిబ్బంది దేనికని పైనుంచి అడిగేవాళ్లు తయారయ్యారు. వాళ్లకు చెప్పగల మంచి జవాబు ఒక్కటే, లైబ్రరీ నిండా చదువుకునే పిల్లలు. ఆ పిల్లలను రప్పించడం కౌంటర్ వెనక కూర్చున్న యాభై ఏళ్ల ఉద్యోగి కంటే వాళ్ల తోటి పిల్లలకే బాగా తెలుసు.

పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో ఒక అంకె చెబుతుంది. జపాన్ విశ్వవిద్యాలయ సహకార సంఘాల సమాఖ్య ఏటా విద్యార్థుల జీవనం మీద సర్వే చేస్తుంది. రోజుకు ఎంతసేపు పుస్తకం చదువుతారన్నది అందులో ఒక ప్రశ్న. 2017 సర్వేలో ‘సున్నా నిమిషాలు’ అన్నవాళ్లు 53.1 శాతం. సగం దాటడం అదే మొదటిసారి. ఆ వార్త జపాన్ పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. రైల్లో నిలబడి పుస్తకం చదివే జాతిగా తమను తాము చూసుకున్నవాళ్లకు అది చిన్న దెబ్బ కాదు.

విద్యార్థులూ లైబ్రరీ సిబ్బందీ కలిసి పనిచేయడాన్ని అక్కడ ‘గకుసేయ్ క్యోదో’ అంటారు. ఇప్పుడది దేశమంతా ఉంది. కొన్ని చోట్ల గంటల లెక్కన జీతమిస్తారు, కొన్ని చోట్ల పూర్తిగా స్వచ్ఛందం. ఇందులో భాగంగా చేసే పనులు ఎన్నో ఉన్నా నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది పుస్తకాల ఎంపిక యాత్ర. వాళ్లు దాన్ని ‘సెన్షో త్సువా’ అంటారు. లైబ్రరీ తన కొనుగోలు డబ్బులో కొంత విడిగా తీసిపెడుతుంది. విద్యార్థులు పేర్లిస్తారు. ఒకరోజు లైబ్రేరియన్ వాళ్లను వెంటబెట్టుకుని కినొకునియ, మరుజెన్, జున్‌కుదో లాంటి పెద్ద పుస్తకాల షాపుకు వెళ్తారు. ఒక్కొక్కరికీ ఇంత మొత్తం అని చెబుతారు. చేతికి బార్‌కోడ్ చదివే చిన్న యంత్రం ఇస్తారు. అంతస్తులన్నీ తిరిగి, నచ్చిన పుస్తకం తీసి, నాలుగు పేజీలు తిరగేసి, లైబ్రరీలో ఉండాలనిపిస్తే వెనక అట్ట మీది గీతల మీద యంత్రం పెట్టి నొక్కడమే. సాయంత్రానికి జాబితా సిద్ధం.

ఆ జాబితా లైబ్రరీకి చేరాక అసలు పని మొదలవుతుంది. ఇప్పటికే ఉన్నవి ఏవి? ఎవరి పరిశోధనకైనా పనికొచ్చేవి ఏవి? నాలుగు నెలల్లో పాతబడే పరీక్షల గైడ్లు ఏవి? చాలా చోట్ల కామిక్స్, వారపత్రికలు ముందే వద్దంటారు. మిగిలినవి కొని, కాటలాగులో ఎక్కించి, వెన్ను మీద నంబరు అంటిస్తారు. జపాన్ లైబ్రరీల్లో ఎక్కువగా వాడేది 1929లో మోరి కియొషి తయారుచేసిన నిప్పన్ దశాంశ వర్గీకరణ. అందులో 913 అంటే జపనీస్ కథాసాహిత్యం. తాను ఎంచిన నవల వెన్ను మీద 913.6 అని అంటించడం చూసిన విద్యార్థికి, ఆ అంకె వెనక ఒక లెక్క ఉందని, ఆ లెక్క పట్టుకుంటే ఈ భవనంలో ఏ పుస్తకాన్నైనా తనే వెతుక్కోవచ్చని తెలుస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు అరగంట పాటు వర్గీకరణ మీద ఉపన్యాసం ఇస్తే ఇది ఒంటబట్టదు. తన పుస్తకం ఎక్కడికి వెళ్లిందో వెతుక్కున్నప్పుడు ఒంటబడుతుంది.

తర్వాతిది చీటీ. ఎంచినవాళ్లే ఆ పుస్తకం గురించి అరచేతి వెడల్పు అట్టముక్క మీద నాలుగు మాటలు రాసి పక్కన నిలబెట్టాలి. వీటిని ‘పాప్’ అంటారు. ఇది లైబ్రరీలు కనిపెట్టింది కాదు, పుస్తకాల షాపుల దగ్గర నేర్చుకున్నది. అమెరికన్ రచయిత టెరీ కే రాసిన ‘టు డాన్స్ విత్ ది వైట్ డాగ్’ జపనీస్ అనువాదం పెద్దగా అమ్ముడుపోకుండా పడి ఉంటే, 2001లో చిబ జిల్లాలోని ఒక షాపు ఉద్యోగి దాని పక్కన తన చేతిరాతతో ఒక పాప్ పెట్టాడు. ఆ షాపులో మొదలైన గిరాకీ దేశమంతా పాకి పది లక్షల కాపీలు దాటింది. 2004లో షాపు ఉద్యోగులే ఓట్లేసి ఇచ్చే ‘హోన్‌య తైషో’ బహుమతి మొదలైంది. మొదటి ఏడాది అది రచయిత్రి ఒగావ యోకో నవలకు దక్కింది. లెక్కల ప్రొఫెసర్‌కు, ఆయన ఇంట్లో పనిచేసే ఆమెకు మధ్య నడిచే కథ అది. పండితుల మెప్పు ఒక ఎత్తు, ‘ఇది నేను చదివాను, నువ్వూ చదువు’ అని ఒక మనిషి చేత్తో రాసిన మాట ఒక ఎత్తు. విశ్వవిద్యాలయ లైబ్రరీలు ఈ రెండోదాన్ని పట్టుకున్నాయి. పాప్‌లో అందమైన అక్షరాలూ బొమ్మలూ ఉంటే మంచిదే. కానీ కంటిని ఆపేది ఆ చీటీ కింద ఉండే ‘సాహిత్య విభాగం, రెండో సంవత్సరం’ లాంటి రెండు ముక్కలు. చూసే పిల్లకు తనలాంటిదే ఎవరో రాసిందని తెలుస్తుంది.

ఈ ఎంపిక యాత్రకు ఎదురుచెప్పినవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో పస ఉంది. పుస్తకాల ఎంపిక లైబ్రేరియన్ చదువుకుని నేర్చుకున్న విద్య. ఇరవై ఏళ్ల పాటు ఒక విభాగం పుస్తకాలు ఎలా పెంచుకుంటూ రావాలో అతనికి తెలుస్తుంది. షాపు ముందు బల్ల మీద పేర్చిన కొత్త నవలలు తీసుకొచ్చే విద్యార్థికి తెలియదు. ప్రచారం కోసం ఆ బాధ్యతను వదిలేస్తున్నారన్నది అభ్యంతరం. పబ్లిక్ లైబ్రరీల్లోనూ ఈ వాదం గట్టిగానే నడిచింది. నా మటుకు నాకు, మొత్తం కొనుగోలు డబ్బును విద్యార్థుల చేతిలో పెడితే ఆ అభ్యంతరం న్యాయమే అవుతుందనిపిస్తుంది. ఎక్కడా అలా పెట్టడం లేదు. ఇస్తున్నది చిన్న భాగం. దానితో వచ్చేది కొన్ని పదుల పుస్తకాలే కాదు, ‘ఈ లైబ్రరీలో నేను పెట్టించిన పుస్తకం ఉంది’ అని చెప్పుకునే ఒక మనిషి. ఆ మనిషి తన హాస్టల్ గదిలో, క్యాంటీన్‌లో, క్లబ్బులో లైబ్రరీ తరఫున మాట్లాడతాడు. లైబ్రరీ డబ్బు పెట్టి అచ్చేయించే ఏ పోస్టరూ అంత దూరం వెళ్లదు.

ఒచనొమిజు నుంచి క్యోటోకు వెళ్తే ఇదే కథకు ఇంకో కొమ్మ కనిపిస్తుంది. ఇది లైబ్రరీలో పుట్టలేదు. 2007లోనే, క్యోటో విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధనశాల వాళ్లకు అందరూ కలిసి చదివే అధ్యయన సమావేశాలకు ఏ పుస్తకం తీసుకోవాలన్న చిక్కు వచ్చింది. ఎవరో ఒకరు ఎంచిన పుస్తకం బాగాలేకపోతే నెలల తరబడి అందరికీ శిక్ష. అక్కడ పరిశోధకుడిగా ఉన్న తనిగుచి తదహిరో దీనికి ఒక ఆట తయారుచేశారు. పేరు బిబ్లియో బాటిల్.

నియమాలు నాలుగే. చదివి నచ్చిన పుస్తకం ఒకటి పట్టుకుని రావాలి. ఒక్కొక్కరూ దాని గురించి ఐదు నిమిషాలు చెప్పాలి. ప్రతి పుస్తకం తర్వాత రెండు మూడు నిమిషాలు అందరూ కలిసి మాట్లాడుకోవాలి. చివర్లో, ఈ పుస్తకాల్లో అన్నిటికంటే చదవాలనిపించింది ఏదో దానికి తలా ఒక ఓటు. ఎక్కువ ఓట్లు వచ్చినదాన్ని ‘చాంపు బొన్’ అంటారు. చెప్పినవాళ్లు కూడా ఓటేస్తారు, తమ పుస్తకానికి మాత్రం వేసుకోకూడదు.

చూడ్డానికి పిల్లల ఆటలా ఉన్నా తనిగుచి దీన్ని చాలా జాగ్రత్తగా కట్టారు. ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలు. ముందే ముగించి కూర్చోవడానికి వీల్లేదు. రాసుకొచ్చింది చదవకూడదు. స్లైడ్లు, కరపత్రాలు ఉండవు. చేతిలో పుస్తకం, ఎదురుగా మనుషులు, కళ్ల ముందు తిరిగే గడియారం. రెండున్నర నిమిషాలకే కథ సారాంశం అయిపోతుంది. మిగిలిన సమయంలో ఇక తన గురించి చెప్పక తప్పదు. ఆ పుస్తకం తనకు ఎప్పుడు, ఏ స్థితిలో దొరికిందో, ఏ పేజీ దగ్గర ఆగిపోయాడో. వినేవాళ్లకు పుస్తకంతో పాటు మనిషి కూడా తెలుస్తాడు. చర్చలో తప్పులు పట్టడం ఉండదు. ఓటు వేయడానికి కావలసినది అడిగి తెలుసుకోవడమే. ఆ ఓటు కూడా ఎవరు బాగా మాట్లాడారన్నదానికి కాదు, ఏది చదవాలని ఉందన్నదానికి. అందుకే తడబడుతూ మాట్లాడిన కుర్రాడి పుస్తకం గెలిచిన సందర్భాలు ఉంటాయి. నలుగురిలో నోరు విప్పడానికి భయపడేవాళ్లకు ఇంతకంటే మర్యాదైన వేదిక నాకు తెలియదు. ఓడినా అక్కడ ఓడేది మనిషి కాదు.

లైబ్రరీలు దీన్ని అందుకోవడానికి ఆలస్యం చేయలేదు. పని పంపకం చక్కగా కుదిరింది. పోటీ నడపడం, మనుషులను పోగుచేయడం విద్యార్థుల వంతు. చోటు ఇవ్వడం, ఆరోజు పరిచయమైన పుస్తకాలన్నీ తెప్పించి మర్నాటి నుంచి ఒక బల్ల మీద అందుబాటులో ఉంచడం లైబ్రేరియన్ వంతు. ఈ రెండో సగం లేకపోతే అది మంచి సాయంత్రంగా మిగిలిపోతుంది. ఉంటే పుస్తకం ఇంటికి వెళ్తుంది. 2010లో టోక్యో నగర ప్రభుత్వం విశ్వవిద్యాలయ విద్యార్థులకు జాతీయ స్థాయి పోటీ పెట్టింది. 2012లో ‘లైబ్రరీ ఆఫ్ ది ఇయర్’ పెద్ద బహుమతి ఏ లైబ్రరీకీ కాకుండా బిబ్లియో బాటిల్‌కే ఇచ్చారు. గోడలూ అరలూ లేని ఒక ఆటకు ఆ పేరుతో బహుమతి ఇవ్వడానికి న్యాయనిర్ణేతలకు ధైర్యం కావాలి. ఆ ధైర్యం వాళ్లు చూపించారు.

టోక్యోకు ఉత్తరాన, అకిహబర నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో 45 నిమిషాలు వెళ్తే త్సుకుబ. 1973లో ఏర్పడిన విశ్వవిద్యాలయం, చుట్టూ పరిశోధనా సంస్థలు. లైబ్రేరియన్లను తయారుచేసే చదువుకు జపాన్‌లో పెద్దదిక్కు ఇదే. 1921లో టోక్యోలో విద్యాశాఖ మొదలుపెట్టిన లైబ్రరీ సిబ్బంది శిక్షణాలయం ఎన్నో పేర్లు మార్చుకుని, చివరికి 2002లో ఈ విశ్వవిద్యాలయంలో కలిసింది. ఇక్కడి లైబ్రరీ మొదటి నుంచీ పుస్తకాలను తాళం వెనక దాచకుండా అరలన్నీ పాఠకుడికి తెరిచి ఉంచింది. 2008 మార్చిలో సెంట్రల్ లైబ్రరీ భవనంలోనే స్టార్‌బక్స్ తెరిచారు. జాతీయ విశ్వవిద్యాలయ లైబ్రరీలో అది మొదటిది. పుస్తకాల పక్కన కాఫీ ఏమిటని ముక్కు విరిచినవాళ్లు ఉండే ఉంటారు. కానీ లైబ్రరీ మెట్లు ఎక్కని పిల్లలు కాఫీ కోసం ఎక్కి, పక్కనున్న ప్రదర్శన చూసి లోపలికి వెళ్తే నష్టమేముంది? అదే 2008లో అకిత అంతర్జాతీయ విశ్వవిద్యాలయం దేవదారు దూలాలతో అర్ధచంద్రాకారంలో కొత్త లైబ్రరీ కట్టించి, ఏడాదిలో 365 రోజులూ 24 గంటలూ తెరిచి ఉంచుతోంది. భవనాలూ వేళలూ ఇలా మారాయి. అయినా నా మనసు మళ్లీ మళ్లీ వెళ్లేది మనుషులు మారిన తీరు వైపే.

విద్యార్థులకు అప్పగించకూడనిది కూడా ఒకటి ఉంది. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారన్నది. జపాన్ లైబ్రరీ సంఘం 1954లో లైబ్రరీ స్వేచ్ఛ మీద ఒక ప్రకటన చేసింది. 1979లో దాన్ని సవరించినప్పుడు, పాఠకుడి రహస్యాన్ని లైబ్రరీ కాపాడుతుందన్న మాటను ప్రధాన సూత్రాల్లో చేర్చారు. యుద్ధకాలంలో ఎవరేం చదువుతున్నారో పోలీసులు కూపీ లాగిన రోజులు చూసిన సమాజం అది. తర్వాత రచయిత్రి అరికావ హిరో ఇదే ప్రకటనను ఆధారం చేసుకుని 2006లో ‘తొషొకన్ సెన్సో’ నవల రాశారు. పుస్తకాలను కాపాడటానికి లైబ్రరీలు సొంత సైన్యాన్ని పెట్టుకున్న ఊహా లోకం అది. సినిమాగానూ వచ్చింది. కుర్రకారులో చాలామందికి ఆ ప్రకటన తెలిసింది ఈ కథ వల్లే. పక్క బెంచీలో కూర్చునే అమ్మాయి మానసిక ఆరోగ్యం మీదో, విడాకుల చట్టం మీదో పుస్తకం తీసుకెళ్తే ఆ సంగతి ఇంకో విద్యార్థికి తెలియకూడదు. అందుకే విద్యార్థులతో పని పెట్టుకునే లైబ్రేరియన్ మొదటిరోజే గీత గీయాలి. ప్రచారం మీది, ఎంపికలో భాగం మీది, అప్పు వివరాలు మావి.

విద్యార్థులతో కలిసి పనిచేయడంలో ఇంకో కష్టం ఉంది. విద్యార్థులు వెళ్లిపోతారు. జపాన్‌లో విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. పోటీలు నడపడం చేతనైన నాలుగో సంవత్సరం అమ్మాయి ఉద్యోగంలో చేరిపోతుంది, మొదటి సంవత్సరం పిల్లకు లైబ్రరీ దారే తెలియదు. జాతీయ విశ్వవిద్యాలయాల సిబ్బందికీ కొన్నేళ్లకోసారి విభాగాలు మారే బదిలీలు ఉంటాయి. ఉత్సాహం ఉన్న ఒక్క లైబ్రేరియన్ మారితే బృందం చెదిరిపోవచ్చు. దీనికి వాళ్లు వెతుక్కున్న దారి ఒకరినొకరు కలుసుకోవడం. యొకొహామలో జరిగే లైబ్రరీ మహాప్రదర్శనలో ఏటా విశ్వవిద్యాలయ బృందాలు తమ పనుల పోస్టర్లు పెడతాయి. ఒక చోట ఫలించిన పని వివరాలు ఇంకో ఊరి పిల్లలు రాసుకుని వెళ్తారు. 2020లో కరోనా వచ్చి లైబ్రరీలు మూతపడ్డాయి. చాలా విశ్వవిద్యాలయాలు పుస్తకాలను పోస్టులో ఇంటికి పంపాయి. బిబ్లియో బాటిల్ తెర మీదికి వెళ్లింది. కొత్త ఊళ్లో గది అద్దెకు తీసుకుని, ఒక్క స్నేహితుడూ లేకుండా ఆన్‌లైన్ పాఠాలు వింటున్న మొదటి సంవత్సరం విద్యార్థులకు, తెర మీద ఎవరో ఒక పుస్తకాన్ని ఎత్తి పట్టుకుని ఐదు నిమిషాలు మనసు విప్పి మాట్లాడటం ఎంత ఊరటో ఊహించుకోవచ్చు.

జపాన్‌లో లైబ్రరీ సైన్స్ చదివే విద్యార్థి ఎవరైనా పాఠాల్లో తప్పక వినే భారతీయుడి పేరు ఎస్.ఆర్. రంగనాథన్. చెన్నపట్నం ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. కోస్తా జిల్లాల కాలేజీలు కూడా అప్పటికి ఆ విశ్వవిద్యాలయం కిందివే. ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది 1926లో. రంగనాథన్ ఐదు సూత్రాల పుస్తకం 1931లో మద్రాసులో అచ్చయింది, 1981లో జపనీస్‌లోకి వెళ్లింది. ఆ ఐదింటిలో మూడోది పుస్తకం వైపు నుంచి ఆలోచిస్తుంది. అరలో ఉన్న దేనికైనా దాన్ని చదవాల్సిన మనిషి ఎక్కడో ఉంటాడు, వాళ్లిద్దరినీ కలపడం లైబ్రరీ పని అని. ఒచనొమిజులో ఒక అమ్మాయి అట్టముక్క మీద రాసే నాలుగు మాటలు చేసేది సరిగ్గా ఇదే.

ఇక మన దగ్గరికొస్తే, మన విశ్వవిద్యాలయాల రీడింగ్ రూముల్లో కుర్చీ దొరకదు. ఉస్మానియాలోనైనా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనైనా పొద్దున్నే బ్యాగులు వేసి చోటు పట్టుకునే పిల్లలు గ్రూప్స్‌కు, డీఎస్సీకి, ఇంకేదో నోటిఫికేషన్‌కు తయారవుతుంటారు. సొంత మెటీరియల్ తెచ్చుకుంటారు. చల్లటి చోటు, లైటు, నిశ్శబ్దం వాళ్లకు కావాలి. అద్దె గదిలో అవి దొరకవు. వాళ్ల అవసరం నిజమైనది. ఆ కుర్చీలు తగ్గించాలని ఎవరూ అనకూడదు. కానీ అదే భవనంలో, గోడకు అవతల, లక్షల పుస్తకాలున్న అరల మధ్య ఎవరూ నడవని రోజులు ఉంటున్నాయి. అరల్లో కవిత్వం, చరిత్ర, వృక్షశాస్త్రం ఉన్నాయని ఆ కుర్చీలో కూర్చున్న పిల్లకు చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సిన లైబ్రేరియన్ల పోస్టులు ఖాళీ అయితే నిండటం లేదు.

మనకు లైబ్రరీ సైన్స్ విభాగాలు ఉన్నాయి. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఆ కోర్సు చదివే పిల్లలు ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌గా ఒకప్పుడు పనిచేసిన అబ్బూరి రామకృష్ణారావు కవి, నాటకకర్త కూడా. పుస్తకాన్ని కాపాడే మనిషే దాన్ని మనుషుల ముందు నిలబెట్టి మాట్లాడించగలడనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. ఎంపిక యాత్రకు డబ్బు కావాలి, టెండర్లూ ఆమోదాలూ దాటాలి. అది వెంటనే కాకపోవచ్చు. చీటీలకు అట్ట, స్కెచ్ పెన్ను చాలు. రీడింగ్ రూముకు వెళ్లే దారిలో, అందరి కళ్లూ పడే చోట ఒక అర ఖాళీ చేసి, ఇందులో ఏం పెట్టాలో మీరే చెప్పండని ఒక బ్యాచ్‌కు అప్పగించడానికి ఫైలు కదలనక్కర్లేదు. లైబ్రేరియన్ సరేనంటే చాలు.

బిబ్లియో బాటిల్ ఇంకా తేలిక. దానికి కట్టాల్సిన రుసుము లేదు. ఐదుగురు మనుషులు, ఐదు పుస్తకాలు, ఫోనులో గడియారం ఉంటే ఒక శుక్రవారం సాయంత్రం జరిగిపోతుంది. తెలుగు పుస్తకాలతో జరిగితే మరీ మంచిది. చలం గురించో, రావిశాస్త్రి గురించో, ఈ ఏడాది వచ్చిన కొత్త కథల సంపుటి గురించో ఒక కెమిస్ట్రీ విద్యార్థి ఐదు నిమిషాలు మాట్లాడితే వినడానికి నాకెంతో ఇష్టం. గెలిచిన పుస్తకం కోసం మర్నాడు కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి, లైబ్రరీలో ఉన్నది ఒక్క కాపీయేనని తేలితే, ఇంకో రెండు కాపీలు కావాలని రాసే కాగితం మీద పెట్టడానికి లైబ్రేరియన్ చేతిలో నాలుగు పేర్లు ఉంటాయి.